అరికాలికి ఏ శాఖా లేదు

ఎద్దుకు ఒక శాఖ ఉంది. చేపకు ఉంది. పట్టుపురుగుకూ ఉంది. మనిషి అరికాలికి మాత్రం ఈ దేశంలో ఏ శాఖా లేదు. బుర్రకు విద్యాశాఖ, కడుపుకు పౌరసరఫరాలు, గొంతుకు ఎక్సైజు అంటూ తలనుంచి పంచుకుంటూ వచ్చిన ప్రభుత్వం మోకాలి దాకా వచ్చేసరికి అలిసిపోయినట్టుంది. అందుకే ఏటా శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలం నడిచిపోయే వేలాది ఉత్తకాళ్ల గోడు రాసిన ఫైలు ఏ బీరువాలో వెతికినా దొరకదు.

శివరాత్రికి ఎక్కువగా మనవాళ్లు నడుస్తారు, ఉగాదికి కన్నడిగులు. రాయచూరు, బాగల్‌కోట, విజయపుర, బెళగావి వైపు నుంచి, అటు సోలాపూర్ నుంచి కూడా వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. శ్రీశైలం భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పండక్కి కూతురి ఇంటికి వెళ్తున్నట్టే చీర, సారె, పసుపు కుంకుమ మూటగట్టుకుని బయల్దేరతారు. పుట్టింటివాళ్లు అంత దూరం నుంచి వస్తున్నారంటే దారి ఊడ్చి నీళ్లు చల్లడం మర్యాద తెలిసిన ఊళ్ల పద్ధతి. మన మర్యాద వేరు. మనం కంకర చల్లుతాం.

ఆ దారిని కళ్లతో చూస్తే అభివృద్ధి కనబడుతుంది. కాలితో చూస్తేనే అది ఎవరి అభివృద్ధో తెలుస్తుంది.

మొదట తారు. మార్చి నెలాఖరు, ఏప్రిల్ మొదటివారం. కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు దారి. గాలిలో 40 డిగ్రీలుంటే నల్లటి తారు మీద 60 దాటడం వింతేం కాదు. అట్ల పెనానికీ దానికీ తేడా ఒక్కటే: పెనం మీద అట్టును ఒక్కసారే తిరగేస్తారు. గుంతలు పూడ్చిన చోట తారు మెత్తబడి మడమకు అంటుకుంటుంది. గీరుకుందామంటే కింద కూర్చోవాలి, కూర్చోవడానికి ఉన్నదీ ఆ తారే.

వాళ్ల నడకను ఒక్క నిమిషం ఆగి చూడండి. అంత వెడల్పాటి రోడ్డు ఉండగా అందరూ ఒకరి వెనక ఒకరు, అంచున గీసిన తెల్లగీత మీదే పోతుంటారు. ఆ గీత జానెడు వెడల్పు కూడా ఉండదు. దాని మీద కుడి పాదం, దానికి సూటిగా ముందు ఎడమ పాదం, నెత్తిన మూట, చంకలో బిడ్డ. తెలుపు ఎండను తారంతగా పీల్చుకోదు, అక్కడైతే కాలు ఆనుతుంది. గీత చెరిగిన చోట నాలుగంగలు పరుగు, మళ్లీ గీత దొరగ్గానే నడక. ఇంజినీరింగు చదవని ముసలమ్మకు తెలిసిన ఈ సంగతి కోసం ఏ కన్సల్టెన్సీ నివేదికా అక్కర్లేకపోయింది. ఇంతకీ ఆ గీత వేసింది వాళ్ల కోసం కాదు. రాత్రిపూట లారీ డ్రైవరుకు రోడ్డు అంచు కనబడాలని వేశారు. కోట్లు పోసి కట్టిన దారిలో ఉత్తకాలికి దక్కిన సౌకర్యం అదొక్కటే. అదీ పొరపాటున.

పొరపాటున దక్కింది కాబట్టి దాని మీద హక్కు కూడా లేదు. వెనకనుంచి హారన్ మోగుతుంది. బందోబస్తు కానిస్టేబులు ఈల వేస్తాడు.

"ఏమ్మా, రోడ్డెక్కొద్దు, పక్కన నడువు!"

"పక్క యాడుంది నాయనా?"

అతని దగ్గర జవాబు లేదు. పక్కన ఉన్నవి పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు, నిన్నరాత్రి ఎవరో సంబరంగా పగలగొట్టిన సీసా పెంకులు. పాదచారుల బాట 1.8 మీటర్లకు తక్కువ ఉండకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ నంబరు మార్గదర్శకాల్లో రాసిపెట్టింది. ఆ పుస్తకం బైండింగు చేయించుకుని ఆఫీసులో భద్రంగా ఉంది. దానికి ఎండ తగలదు.

ఇక్కడికి వచ్చేసరికి ఒక తెలివైన ప్రశ్న ఎదురవుతుంది. "చెప్పులేసుకోవచ్చుగా?" సాధారణంగా ఈ ప్రశ్న కారు అద్దం రెండంగుళాలు కిందికి దిగి, ఏసీ గాలితో పాటు బయటికి వస్తుంది. మొక్కుకున్నవాడు చెప్పులు వేసుకోడు. అది వాడికీ మల్లన్నకూ మధ్య ఒప్పందం. మూడోవాడు అందులో వేలు పెట్టనవసరం లేదు. దానికి తోడు మన అధికారులకు పురాణజ్ఞానం కూడా మెండు. అన్నమయ్య చెప్పులతో తిరుమల కొండెక్కబోతే మోకాళ్ల పర్వతం దగ్గర సాక్షాత్తూ అలమేలుమంగమ్మే చెప్పులు విప్పమందని గుర్తుచేస్తారు. నిజమే. కథలో ఆ తల్లి చెప్పులు విప్పించింది, ఆకలితో సొమ్మసిల్లిన పిల్లాడికి ప్రసాదమూ పెట్టింది. మనవాళ్లు కథను సగం దాకే చదివారు. చెప్పులు విప్పించే సగం దాకా.

తారు దాటితే ఊళ్లు వస్తాయి, ఊళ్లలో సీసీ రోడ్డు వస్తుంది. సిమెంటు తారంత నలుపు కాదు కాబట్టి అంత కాలదు, ఆ మేరకు దండం పెట్టాలి. కానీ సిమెంటు ఆరకముందే దానిమీద చీపురుతో అడ్డగీతలు లాగుతారు. టైరు జారకూడదు కదా! ఆ గీతలు గట్టిపడ్డాక పాదాన్ని అంగ అంగకూ గీకుతాయి. పది రోజులు మట్టిలో నడిచిన కాలు మొద్దుబారుతుంది, ఒక్కరోజు సీసీ రోడ్డు మీద నడిచిన కాలు చర్మం ఊడుతుంది. మట్టి కాస్త కుంగి అడుగును పట్టుకుంటుంది. సిమెంటు కుంగదు, ఆ దెబ్బ మడమలోంచి మోకాలికీ, మోకాల్లోంచి నడుముకూ ఎక్కుతుంది. సాయంత్రం మజిలీ చేరాక సూదికి దారం ఎక్కించి బొబ్బలోంచి దూర్చి, నీరు కారిపోవడానికి దారాన్ని అందులోనే వదిలేసి పడుకుంటారు. తెల్లారి అదే దారంతో మళ్లీ నడక. రోడ్డు మధ్యలో మాత్రం శిలాఫలకం మెరుస్తుంటుంది. నిధులిచ్చిన పథకం, కొబ్బరికాయ కొట్టిన నాయకుడు, అధ్యక్షత వహించిన నాయకుడు, ఆహ్వానం అందినా రాలేకపోయిన నాయకుడు. అందరి పేర్లూ ఉంటాయి.

ఇక కంకర. దీనికో శాస్త్రముంది. శివరాత్రి ఎప్పుడొస్తుందో పంచాంగకర్తకు ఏడాది ముందే తెలుసు. క్యాలెండరు అచ్చువేసేవాడికి తెలుసు. ఇడ్లీబండి వాడికి తెలుసు. తెలియనిది పని మంజూరు చేసేవాడికి ఒక్కడికే. జాతర ఇంకా మూడు వారాలుందనగా ఆయన ఉలిక్కిపడి లేస్తాడు. అప్పుడిక టెండరుకు టైము ఉండదు, కాబట్టి పని 'అత్యవసరం' అవుతుంది. అత్యవసరమైతే నామినేషన్ మీద ఇవ్వొచ్చు. ఈశ్వరుడు లయకారకుడన్నది పాతమాట. ఇప్పుడాయన అత్యవసరకారకుడు. రోడ్డు తవ్వుతారు, కంకర పోస్తారు, రోలరు ఒకసారి అటు ఒకసారి ఇటు తిరుగుతుంది, పైన తారు పడే లోపల పండగ వచ్చేస్తుంది. 40 ఎంఎం కంకర కోణాలు పైకి తేల్చి భక్తుల కోసం ఎదురుచూస్తుంటుంది. పండగ అయ్యాక తారు వేస్తారు. ఎందుకంటే పండగ అయ్యాక బస్సులు తిరగాలి.

ఉగాదికి వచ్చే కన్నడ భక్తుల్లో కొందరు కాళ్లకు కర్రలు కట్టుకుని నేలకు ఎత్తుగా నడుస్తారు. అది భక్తి. మన కంకర చూశాక అది ముందుజాగ్రత్త కూడానేమో అనిపిస్తుంది. కొయ్యకు బొబ్బలెక్కవు.

గుడి ఊళ్లకు దగ్గరవుతున్నకొద్దీ నేల సోకు పెరుగుతుంది. రంగురంగుల టైళ్లు వస్తాయి. ఒక టైలు కింద ఇసుక జారిపోయి ఊగుతుంది, పక్క టైలు అంచు పైకి లేచి బొటనవేలి గోరు కోసం కాచుకుని ఉంటుంది. ఆ తర్వాత గ్రానైటు, అద్దంలా మొహం కనిపించేదాకా సానబట్టింది. కొబ్బరినీళ్లో, ఒలికిన దీపం నూనెనో పడిందంటే భక్తుడు తాను తలపెట్టకుండానే సాష్టాంగపడతాడు. జారకుండా గరుకుచేసిన రాయి కూడా బజారులో దొరుకుతుంది. అయితే అది ఫోటోలో మెరవదు.

ఈ సోకులన్నీ దాటాక అసలు రహస్యం బయటపడుతుంది. తిరుమల మాడవీధుల్లో చూడండి, నేలమీద చలువ రంగు తెల్లగా పరుచుకుని ఉంటుంది. పెద్ద గుళ్ల ముందు కొబ్బరిపీచు పట్టాలు పరిచి నీళ్లు పట్టి తడుపుతుంటారు. పెద్దలొచ్చే ద్వారం దగ్గర ఎర్ర తివాచీ. అంటే ఎండకు నేల కాలుతుందనీ, కాలిన నేల కాలును కాలుస్తుందనీ, తెల్లరంగు వేస్తే చల్లబడుతుందనీ వ్యవస్థకు క్షుణ్ణంగా తెలుసన్నమాట! కాకపోతే ఆ శాస్త్రం గుడి ముందరి వంద గజాల్లోనే పనిచేస్తుంది. వందల కిలోమీటర్లు కాలిన కాలికి చివరి వంద గజాల్లో చల్లదనం అందించడాన్ని 'భక్తుల సౌకర్యార్థం' అంటారు. కారు దిగి ఆ వంద గజాలే నడిచే కాలికి అది యాత్ర పొడుగునా సౌకర్యమే.

ఇంత దారిలో ఉత్తకాలికి కాస్త ఊపిరాడేది ఎక్కడో తెలుసా? ప్రభుత్వం రోడ్డు వేయలేని చోట. వెంకటాపురం దాటి, నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టుకుని, పెచ్చెరువు మీదుగా భీముని కొలను లోయలోకి దిగి, అటు గట్టెక్కి కైలాసద్వారం చేరే నల్లమల అడవిదారిలో. అది పులుల అభయారణ్యం. అక్కడ తారు పొయ్యడానికి పులి ఒప్పుకోదు. పాదయాత్రికుడి అరికాలిని కాపాడుతున్న అధికారి ఎవరైనా ఉంటే అది ఆ పులే. జీతం లేదు, బదిలీ లేదు, సంతకానికి లొంగదు.

అలాగని ఆ అడవి పూలబాట కాదు. దారిపొడుగునా సూదిరాళ్లు, వెదురు మోళ్లు. ఆ రోజుల్లో నల్లమల ఆకు రాల్చేస్తుంది, తలెత్తితే నీడ ఉండదు, తలదించితే ఆ నీడే ఎండుటాకులై గలగలలాడుతుంటుంది. గొంతు తడుపుకోవడానికి చెలమో, ఎవరో పెట్టిన ట్యాంకో దొరకాలి. అయినా మట్టి మట్టే. ఒకచోట రాయి గుచ్చుకున్నా తర్వాతి పది అడుగులు నేల క్షమిస్తుంది. భీముని కొలను దగ్గర రాతిమెట్లు ఎక్కేటప్పుడు వయసు మళ్లినవాళ్లు ఒక్కో మెట్టుకూ ఒకసారి మల్లన్నను తలుచుకుంటారు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన పుణ్యం 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిదని చరిత్ర చెబుతోంది. పాపం, ఆయనకు టెండరు తెలీదు, నామినేషన్ తెలీదు, నాసిరకం తేలితే కాంట్రాక్టరు ఎన్నేళ్లదాకా బాధ్యుడో రాసుకునే పద్ధతి తెలీదు. మెట్టు ఎక్కేది కాలు అన్న ఒక్క సంగతే తెలిసినట్టుంది. ఈ కాలంలో ఆయనకు అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) ఉద్యోగం కూడా రాదు.

నిజం చెప్పాలంటే పండగరోజుల్లో ఏర్పాట్లు బొత్తిగా ఉండవని కాదు. చలువ పందిళ్లుంటాయి, మంచినీళ్లుంటాయి, వైద్యశిబిరాలుంటాయి. శిబిరంలో పిల్లలాంటి డాక్టరమ్మ ఒకరి తర్వాత ఒకరి అరికాళ్లు ఒళ్లో పెట్టుకున్నంత పనిచేసి కట్టుకడుతుంది. ఆమెకు చేతులెత్తి మొక్కాలి. నా బాధ నివేదికతో. ఇన్ని లక్షలతో రోడ్డు వేశామని ఒక శాఖ రాసుకుంటుంది. ఇన్ని వేలమంది పాదాలకు చికిత్స చేశామని ఇంకో శాఖ రాసుకుంటుంది. బొబ్బ ఒకరి విజయం, మందు ఇంకొకరి విజయం. ఒకే కాలు మీద రెండు శాఖలు నిలబడ్డాయి. రోడ్డు కాస్త నడిచేలా ఉంటే రెండో శాఖ లెక్క పడిపోదూ? ఇక ఎవర్నడిగినా దారి ఒకరిది, అడవి ఇంకొకరిది, గుడి మరొకరిది అంటారు. కాలు మాత్రం నీది.

తప్పంతా సర్కారు నెత్తిన వేసి భక్తజనం తప్పించుకుంటామంటే కుదరదు. అన్నదానం టెంటు వేసిన పుణ్యాత్ముడు టెంటు పీకాక మేకులు అక్కడే వదిలేస్తాడు. వెనకాల వచ్చేవాడి కాలు వాటిని ఏరుకుంటుంది. నీళ్ల ప్యాకెట్టు పంటితో చింపి తాగి, తొక్క దారిమీద విసిరి 'హరహర మహాదేవ' అంటారు. రాత్రి చీకట్లో తడిసిన ఆ తొక్క మీద కాలు జారినవాడికి కూడా మహాదేవుడే గుర్తొస్తాడు, కాకపోతే ఇంకొంచెం గట్టిగా. దాతలు మరీనూ. తిరుమల కొండ కింద అలిపిరి దగ్గర నేలమీద సాష్టాంగపడ్డ భక్తుల శిల్పాలున్నాయి. వచ్చేపోయేవాళ్ల పాదధూళి తమమీద పడితే చాలనుకున్న కాలం అది. ఇప్పటి దాత బెంచీకి వీపు ఆనే చోట పేరు, ఫోను నంబరు, దుకాణం పేరు, ఇద్దరు మనవళ్ల పేర్లు చెక్కించుకుంటాడు. పాదధూళి వద్దు, కళ్లు పడితే చాలు.

అన్నిటికంటే విచిత్రం ఇంకోటుంది. తెలుగునేల మీద నడిచినంతగా నాయకులు నడిచిన నేల దేశంలో ఇంకెక్కడుంది? 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా 1,475 కిలోమీటర్లు నడిచారు, ముఖ్యమంత్రి అయ్యారు. 2012లో చంద్రబాబునాయుడు హిందూపురంలో నడక మొదలుపెట్టారు, 2014లో ముఖ్యమంత్రి అయ్యారు. జగన్‌మోహన్‌రెడ్డి ఇడుపులపాయలో బయల్దేరి 3,648 కిలోమీటర్లు నడిచారు, 2019లో ముఖ్యమంత్రి అయ్యారు. 2023లో లోకేశ్ కుప్పం నుంచి 3,000 కిలోమీటర్లకు పైగా నడిచారు, ఆపై మంత్రి అయ్యారు. కుర్చీకి పోయే దారి కాలినడకదేనని ఇంత బాగా తెలిసిన రాజకీయం మరెక్కడా లేదు. పార్టీలు మారాయి, జెండాలు మారాయి, నడక మారలేదు. అధికారంలోకి వచ్చిన మర్నాడే కాన్వాయ్ ఎక్కి నడక మరిచిపోవడం కూడా మారలేదు. ఇన్ని వేల కిలోమీటర్లు నడిచిన అనుభవంలోంచి నడిచేవాడికి ఒక మంచి బాట పుట్టలేదంటే, వాళ్లు నడుస్తున్నప్పుడు చూసింది నేలను కాదు, ఎదురుగా ఉన్న కెమెరాను. పైగా కాళ్లకు బూట్లు. తెల్లగీత సంగతి బూట్లకు తెలీదు.

పక్కన మహారాష్ట్రలో ఆళంది నుంచీ దేహూ నుంచీ పండరిపురం నడిచే వార్కరీ భక్తుల కోసం పాలఖీ మార్గాలకు 2021 నవంబరు 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. హైవేకు రెండు పక్కలా నడిచేవాళ్లకు వేరే బాట ఆ పథకంలోనే రాసి ఉంది. ఆ బాట ఎంత చల్లన, ఎంత మెత్తన అన్నది వార్కరీ కాళ్లు చెప్పాలి. అయినా నడిచేవాడనే జీవి ఒకడున్నాడని జాతీయ రహదారి నక్షా ఒప్పుకోవడమే పెద్దమాట. మనదగ్గర నడిచేవాడి ప్రస్తావన వచ్చేది ఒక్కచోటే, మర్నాటి పేపర్లో: 'పాదయాత్రికులపైకి దూసుకెళ్లిన లారీ'.

ఊరికే తిట్టి ఊరుకోవడం భావ్యం కాదు కాబట్టి ఒక ప్రతిపాదన. దీనికి జీవో అక్కర్లేదు, ప్రపంచబ్యాంకు అప్పు అక్కర్లేదు. రోడ్డు పని అయ్యాక బిల్లు పాసవ్వాలంటే కొలతల పుస్తకం, అదే ఎం-బుక్కు, రాయాలి. ఏఈ కొలిచి రాస్తాడు, డీఈ సరిచూస్తాడు, ఈఈ సంతకం పెడతాడు. పొడవెంత, వెడల్పెంత, మందమెంత. మూడూ రోడ్డు కొలతలే. నాలుగో గడి ఒకటి గీయించండి. పాదయాత్ర దారిలో ఏ పని చేసినా, మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆ ముగ్గురూ, కాంట్రాక్టరూ, శిలాఫలకం మీద పేరున్న ప్రతి పెద్దమనిషీ చెప్పులు విప్పి ఆ పని మీద ఒక్క కిలోమీటరు నడవాలి. తెల్లగీత ఎక్కకూడదు, మనిషి వెనక గొడుగు పట్టుకునేవాడు ఉండకూడదు. చివర్లో సిరా పూసిన పాదంతో ఎం-బుక్కు నాలుగో గడిలో ముద్ర వేయాలి. చదువురానివాడి చేత వేలిముద్ర వేయించుకున్న ప్రభుత్వానికి చదువుకున్నవాడి కాలిముద్ర అడిగే హక్కు లేకపోదు.

పాదం నిండుగా పడితే బిల్లు ఆ సాయంత్రమే ఇచ్చేయండి. మునివేళ్లు మాత్రమే పడితే అయ్యగారు మడమ ఆనించలేక గెంతుకుంటూ వచ్చారని అర్థం. సగం పాదానికి సగం బిల్లు.